వెనిస్ క్రూజ్ ప్యాకేజీ సమీక్ష: ఊరి పేరు కాదు, రేవు పేరు చూడండి

సంక్రాంతి దాటితే చాలు, తిరుపతి, చిత్తూరు ట్రావెల్స్ ఆఫీసుల్లో ఎండాకాలం యూరప్ కరపత్రాలు పరిచేస్తారు. వాటిలో చాలామంది చేయి పోయేది ఒకదాని మీదికే: వెనిస్‌లో షిప్పు ఎక్కి, 7 రాత్రులు క్రొయేషియా, గ్రీసు తీరాలు చుట్టి, మళ్లీ వెనిస్‌లో దిగడం. కాలువలే వీధులుగా వందల ఏళ్లు బతికిన ఊరు చూడొచ్చు, ఒకసారి పెట్టె విప్పితే వారం దాకా మళ్లీ సర్దే పని ఉండదు. పెద్దవాళ్లను, పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లే మన ఇళ్లకు ఇంతకంటే అనువైన యూరప్ ప్రయాణం తక్కువ. ఈ సమీక్ష ఏ ఒక్క కంపెనీ గురించో కాదు. ఆ ప్యాకేజీలో నిజంగా ఏమొస్తుంది, ఏది రాదు, మనం ఏం కలుపుకుంటే పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది అన్నదే ఇక్కడ విషయం.

ముందే చెప్పేస్తాం. షిప్పు మీద గడిపే వారానికి వంక పెట్టడానికి పెద్దగా లేదు. ఇబ్బందులన్నీ ఎక్కే రోజు, దిగే రోజు వస్తాయి. వాటిలో సగానికి పైగా ఒకే కారణం: షిప్పు నిలిచే రేవు ఏదో తెలియకుండా డబ్బు కట్టేయడం.

కరపత్రం మీద బొమ్మ ఒకసారి గమనించండి. వెనిస్ నడిబొడ్డు సాన్ మార్కో చౌక్ గంట గోపురం పక్కనే తెల్లటి పెద్ద షిప్పు పోతూ ఉంటుంది. ఆ దృశ్యం ఇప్పుడు లేదు. 2021 ఆగస్టు 1 నుంచి ఇటలీ ప్రభుత్వం పెద్ద షిప్పులను సాన్ మార్కో ముందు నీళ్లలోకి, జుదెక్కా కాలువలోకి రానివ్వడం లేదు. 25,000 గ్రాస్ టన్నులు, 180 మీటర్ల పొడవు, నీటిపైన 35 మీటర్ల ఎత్తు, వీటిలో ఏ ఒక్కటి దాటినా ఆ నిషేధంలోకి వస్తాయి. 2019 జూన్ 2న ఒక పెద్ద షిప్పు అదుపు తప్పి సాన్ బసీలియో దగ్గర రేవును, అక్కడ నిలిపి ఉన్న పర్యాటకుల పడవను గుద్దింది. ఊరివాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న ఆందోళనకు అది బలం ఇచ్చింది. మన దగ్గర అమ్ముడయ్యే ప్యాకేజీల్లోని షిప్పులు సాధారణంగా 300 మీటర్లకు అటూ ఇటూ ఉంటాయి. కాబట్టి అవి ఊళ్లోకి రావు.

మరి ఎక్కడ నిలుస్తాయి? మూడు చోట్లు గుర్తుపెట్టుకుంటే చాలు. ఒకటి మర్గేరా: వెనిస్‌కు ఎదురుగా నేల మీద ఉన్న పారిశ్రామిక రేవు. రెండోది త్రియెస్తే: తూర్పున, స్లొవేనియా సరిహద్దు దగ్గర, వెనిస్‌కు సుమారు 160 కిలోమీటర్లు. మూడోది రవెన్నా: దక్షిణాన సుమారు 150 కిలోమీటర్లు. అక్కడ కూడా రేవు ఊళ్లో ఉండదు, పోర్తో కొర్సీని అనే తీరపు పల్లెలో ఉంటుంది. ఈ మూడింటిలో ఏది అయినా కరపత్రంలో పెద్ద అక్షరాలతో "వెనిస్" అనే ఉంటుంది. తిరుపతి విమానం అని టికెట్ కొంటే రేణిగుంటలో దిగుతాం, పదిహేను కిలోమీటర్లే కదా. ఇక్కడ తేడా తిరుపతికీ చెన్నైకీ ఉన్నంత.

ఏజెంటు రేటు రాసిచ్చే కోట్ కాగితం చేతికి వచ్చాక మొదటి పేజీ చూసి ఆగొద్దు. రోజువారీ పట్టిక ఉన్న పేజీ తిప్పండి. 1వ రోజు గడిలో "వెనిస్" పక్కన బ్రాకెట్లో చిన్న అక్షరాలతో ఇంకో ఊరి పేరు ఉందా? ఉంటే షిప్పు ఉండేది ఆ బ్రాకెట్లోనే. చివరి రోజు గడి కూడా చూడాలి, ఎందుకంటే కొన్ని ప్రయాణాలు ఒక రేవులో మొదలై ఇంకో రేవులో ముగుస్తాయి. ఆ తరువాత కౌంటర్లో ఉన్నవాళ్లను మొహమాటం లేకుండా అడగండి:

"అన్నా, షిప్పు ఏ రేవులో నిలబడతాది? చెకిన్ కౌంటర్ అడ్రసు ఏంది? ఎయిర్‌పోర్టు నుంచి ఆడికి బస్సు మీ రేటులోనే ఉందా, మేం వేరే కట్టుకోవాల్నా?"

ఈ మూడింటికీ జవాబు మెయిల్లో రాసివ్వమనండి. "అదంతా వాళ్లే చూసుకుంటారు సార్, మీరేం టెన్షన్ పడొద్దు" అన్న మాట జవాబు కిందికి రాదు.

రేవును బట్టి ప్రయాణం ఎట్లా మారుతుందో కొంచెం వివరంగా చెప్పాలి.

మర్గేరా అయితే అన్నిటికంటే సుఖం. కాకపోతే ఒక మెలిక ఉంది. షిప్పు మర్గేరాలో ఉన్నా, కొన్నిసార్లు చెకిన్‌ను వెనిస్ పాత క్రూజ్ టెర్మినల్ మారిటిమాలో పెట్టి, అక్కడి నుంచి బస్సులో షిప్పు దగ్గరికి తీసుకెళతారు. టాక్సీ ఎక్కి నేరుగా మర్గేరా గేటు దగ్గర దిగితే వెనక్కి పంపిస్తారు. అందుకే షిప్పు ఉన్న చోటు వేరు, చెకిన్ అడ్రసు వేరు అని పైన విడివిడిగా అడగమన్నాం. మారిటిమాకు, బస్సులు ఆగే పియాజాలే రోమా నుంచి పీపుల్ మూవర్ అనే చిన్న రైలు ఉంది, టికెట్ 1.50 యూరోలు.

త్రియెస్తే మా లెక్కలో రెండో స్థానం, కానీ మొదటి దానికి బాగా దగ్గర. నేల మీదున్న వెనిస్ మెస్త్రే స్టేషన్ నుంచి రైల్లో సుమారు 2 గంటలు. త్రియెస్తే స్టేషన్ నుంచి షిప్పు రేవు కిలోమీటరు దూరమే, సముద్రం పక్కన చదును దారి, చక్రాల పెట్టె లాక్కుంటూ నడిచిపోవచ్చు. రేవు ఊరి నడిమధ్య పెద్ద చౌక్ పక్కనే ఉండడం వల్ల టెర్మినల్ తెరిచేదాకా కాఫీ తాగుతూ కూర్చోవచ్చు. ఒక్క గాలి సంగతి మాత్రం గుర్తుంచుకోండి. అక్కడ బోరా అని ఈశాన్యపు గాలి వీస్తుంది, గంటకు 100 కిలోమీటర్లు దాటే జోరు కూడా ఉంటుంది. ఎక్కువగా చలికాలంలోనే అయినా, ఆ గాలి పట్టినప్పుడు షిప్పులు ఆలస్యమవుతాయి.

రవెన్నా ప్యాకేజీ మిగతా రెంటికంటే చౌకగా కనబడొచ్చు. అక్కడే ఆగి లెక్క వేయాలి. వెనిస్ ఎయిర్‌పోర్టు నుంచి పోర్తో కొర్సీనికి బస్సులో రెండు నుంచి రెండున్నర గంటలు పడుతుంది. సెలవు రోజుల్లో ఆ హైవే మీద ఇంకా ఎక్కువ. కంపెనీ బస్సుకు మనిషికి ఇంతని పోను, రాను విడిగా వసూలు చేస్తారు. నలుగురికి, రెండు వైపులా కలిపితే కోట్లో కనబడిన ఆదా చాలావరకు కరిగిపోతుంది. రవెన్నాయే ఖాయమైతే విమానం టికెట్ వెనిస్‌కు తీసుకోకండి. బొలోన్యా ఎయిర్‌పోర్టు అక్కడికి సుమారు 90 కిలోమీటర్లే, చెన్నై నుంచి దుబాయి మీదుగా వెళ్లొచ్చు. ఇంకా మంచిది, వెనిస్‌లో దిగి రెండు రాత్రులు ఉండి, రైల్లో రవెన్నా చేరి, తిరుగు విమానం బొలోన్యా నుంచి పెట్టుకోవడం. రవెన్నా ఊరిని చిన్నచూపు చూడొద్దు. 5, 6 శతాబ్దాల నాటి గాజు రాళ్ల మొజాయిక్ పనితనం ఉన్న కట్టడాలతో కలిపి అక్కడ ఎనిమిది కట్టడాలకు 1996లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఒక పూట అట్టిపెడితే చాలు, కడుపు నిండుతుంది.

రెండు రాత్రులు అన్నాం కదా, అది ఐచ్ఛికం కాదు. షిప్పు బయలుదేరే రోజే యూరప్‌లో దిగే టికెట్ ఎంత చౌకగా వచ్చినా తీసుకోవద్దు. తిరుపతి నుంచి చెన్నై ఎయిర్‌పోర్టుకు రోడ్డు మీద మూడు, మూడున్నర గంటలు, గల్ఫ్‌లో విమానం మారడం, ఇటలీలో వేలిముద్రలు, ఫొటో తీసే ఇమిగ్రేషన్ వరుస. ఈ గొలుసులో ఏ ఒక్క లింకు తెగినా షిప్పు ఆగదు. చెకిన్ కౌంటర్ మామూలుగా బయలుదేరే టైముకు గంట, గంటన్నర ముందే మూసేస్తారు. షిప్పు తప్పితే డబ్బు వెనక్కి రాదు, తరువాతి రేవు చాలాసార్లు ఇంకో దేశంలో ఉంటుంది. అదీగాక వెనిస్ చూడకుండా వెనిస్ క్రూజ్ ఏంది? ఎక్కే రోజు మధ్యాహ్నం మూడు గంటలు ఆ ఊరికి ఏ మూలకూ చాలవు.

ఆ రెండు రాత్రులు ఎక్కడ ఉండాలన్నది పెట్టెలను బట్టి తేల్చుకోవాలి. వెనిస్ వందకు పైగా చిన్న దీవుల ఊరు, వంతెనలు నాలుగు వందలకు పైన. కార్లు, బస్సులు పియాజాలే రోమా దగ్గర ఆగిపోతాయి. అక్కడి నుంచి కాలినడక, లేదంటే పడవ. వంతెనలకు దాదాపు అన్నిటికీ మెట్లే. అలిపిరిలో 3,550 మెట్లు ఎక్కే మనకు ఇరవై, ముప్పై మెట్లు ఒక లెక్కా అనిపిస్తుంది. చేతిలో 23 కిలోల పెట్టె ఉన్నప్పుడు మాత్రం లెక్కే. మొదటి మెట్టు దగ్గర చక్రాలు పనికిరావు, పెట్టెను తొడకు ఆనించి ఎత్తాలి. వెనక వచ్చేవాళ్లు ఆగిపోతారు, దిగేటప్పుడు ఒక్కో మెట్టుకూ చక్రం దబదబా కొట్టుకుని ఇరుసు వంగుతుంది. హోటల్‌కు మధ్యలో మూడు వంతెనలుంటే ఒక మనిషికి ఒక పెట్టె గగనం. రెండు పెట్టెలు ఒకరి మీద పడితే ఆ హోటల్ ఎంత అందంగా ఉన్నా వద్దు.

మా సలహా ఇది. పెద్దవాళ్లు ఉన్న కుటుంబం మెస్త్రే స్టేషన్ పక్కన దిగడం మంచిది. రైల్లో పది నిమిషాల్లో సాంతా లుచియా స్టేషన్‌కు, అంటే సరిగ్గా గ్రాండ్ కాలువ ఒడ్డుకు చేరతారు, గది అద్దె కూడా తక్కువ. ఇద్దరే, చేతిపెట్టెలతో వెళ్లేవాళ్లయితే ఊళ్లోనే ఉండాలి. సాయంత్రం గుంపులు వెళ్లిపోయాక, తెల్లవారుజామున కూరగాయల పడవలు, చెత్త పడవలు తిరిగే వేళ ఆ ఊరు తన పని తాను చేసుకుంటూ కనిపిస్తుంది. అది మెస్త్రేలో పడుకున్నవాళ్లకు దొరకదు. ఊళ్లో గది తీసుకునేటప్పుడు మ్యాపులో పడవ స్టాపు నుంచి హోటల్ దాకా ఎన్ని వంతెనలో వేలుపెట్టి లెక్కపెట్టండి.

సిటీ బస్సు లాంటి పడవను వాపొరెత్తో అంటారు. 75 నిమిషాల టికెట్ 9.50 యూరోలు, 24 గంటలది 25, 48 గంటలది 35. రోజుకు మూడుసార్లు ఎక్కేటట్టయితే పాసే లాభం. స్టాపులో మిషన్ దగ్గర పాసును ఆనించి పచ్చలైటు వచ్చాకే ఎక్కాలి, లేకుంటే టికెట్ జేబులో ఉన్నా జరిమానా పడుతుంది. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే బస్సుకు, పడవకు ఈ పాసు చెల్లదు, విడిగా కొనాలి. 1వ నంబర్ పడవ గ్రాండ్ కాలువ పొడవునా ప్రతి స్టాపులో ఆగుతుంది. పియాజాలే రోమా నుంచి సాన్ మార్కోకు ముప్పావు గంట. చాలామంది టూరు గైడుకు డబ్బు పోసి చూసేది ఇదే దారి. పొద్దున్నే ఎక్కి ముందు వరుసలో కూర్చోండి.

గొండోలా అనే సన్నటి తెడ్డు పడవకు సర్కారు రేటు పగలు అరగంటకు 90 యూరోలు, రాత్రి 7 తరువాత 35 నిమిషాలకు 110. ఈ రేటు పడవకు, మనిషికి కాదు. ఐదుగురి దాకా ఎక్కవచ్చు. ప్యాకేజీలో "గొండోలా ఉచితం" అని ఉంటే మీ కుటుంబానికి విడి పడవా, వేరేవాళ్లతో కలిపా అని అడగండి. ఊరికే కాలువ దాటడానికైతే త్రగెత్తో అనే నాటు పడవ ఉంది, 2 యూరోలు. పిల్లల ముచ్చట దాంతోనే తీరిపోతుంది.

రోజు సందర్శకులకు వెనిస్ ప్రవేశ రుసుము పెట్టింది. 2024 ఏప్రిల్ 25న మొదలైంది. 2025లో ఏప్రిల్ నుంచి జూలై దాకా 54 రోజులు వసూలు చేశారు: ముందుగా కడితే 5 యూరోలు, చివరి మూడు రోజుల్లో కడితే 10. ఉదయం 8.30 నుంచి సాయంత్రం 4 దాకా వర్తిస్తుంది, 14 ఏళ్ల లోపు పిల్లలకు లేదు. వెనిస్‌లో గానీ మెస్త్రేలో గానీ రాత్రి బస చేసేవాళ్లు కట్టక్కర్లేదు, కానీ ఆన్‌లైన్లో పేర్లు నమోదు చేసి మినహాయింపు క్యూఆర్ కోడ్ తీసుకోవాలి. పొరపాటు జరిగేది ఇక్కడే: హోటల్ ఉంది కదా అని కోడ్ తీసుకోకుండా స్టేషన్ బయటికొస్తే తనిఖీ వాళ్లు ఆపుతారు. మీరు వెళ్లే రోజు ఆ పట్టికలో ఉందో లేదో టికెట్లు కొనే ముందే చూసుకోండి.

ఇక వీసా. ఈ ప్యాకేజీలో అతి సున్నితమైన భాగం ఇదే, ఏజెంట్లు ఎక్కువగా జారిపోయేదీ ఇక్కడే.

షెంజెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి చెల్లే ఒకే వీసా, ఏ దేశానికి పెట్టాలి? ఎక్కువ రోజులు ఉండే దేశానికి, సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. క్రూజ్‌లో గ్రీసు రేవులు మూడు, ఇటలీ ఒక్కటే ఉన్నప్పుడు "మీరు గ్రీసుకు పెట్టుకోవాలి" అని కౌంటర్లో ఫైలు తిప్పి పంపే ప్రమాదం ఉంది. ముందు రెండు రాత్రులు వెనిస్‌లో ఉంటే ఆ తూకం ఇటలీ వైపు మొగ్గుతుంది. రెండు రాత్రులు తప్పనిసరి అనడానికి ఇదొక కారణం. కవరింగ్ లెటర్లో తేదీ, ఊరు, దేశం, రాత్రి బస అని నాలుగు గడుల పట్టిక వేసి ఇవ్వండి.

రెండోది ఎంట్రీల సంఖ్య. ఈ దారిలో చాలా షిప్పులు మాంటెనెగ్రోలోని కొటోర్‌లో ఆగుతాయి. క్రొయేషియా 2023 జనవరి 1 నుంచి షెంజెన్‌లో ఉంది, గ్రీసు ఎప్పటినుంచో ఉంది, మాంటెనెగ్రో మాత్రం లేదు. కొన్ని దారుల్లో వచ్చే టర్కీ, అల్బేనియా కూడా లేవు. అంటే కొటోర్‌లో ఆగిన రోజు మీరు షెంజెన్ దాటి బయటికి పోయి మళ్లీ లోపలికి వస్తున్నట్టు. ఒక్క ఎంట్రీ వీసాతో అది కుదరదు, రేవు దగ్గర చెకిన్ కౌంటర్లోనే ఆపేస్తారు. ఫారంలో మల్టిపుల్ ఎంట్రీ అని టిక్కు పెట్టాలి, లెటర్లో షిప్పు దారి చూపించి కారణం రాయాలి. పాస్‌పోర్టు తిరిగొచ్చిన రోజే స్టిక్కర్ మీద ఎంట్రీల గడి చూడండి: "ఎం యు ఎల్ టి" అన్న నాలుగక్షరాలు ఉండాలి, "01" అని ఉండకూడదు. చెల్లుబాటయ్యే షెంజెన్ వీసా ఉన్న భారతీయులకు మాంటెనెగ్రోకు విడి వీసా అక్కర్లేదు. టర్కీ ఉంటే ఈ-వీసా విషయం విడిగా తేల్చుకోవాలి.

వీసా ఫీజు 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45, ఆరేళ్ల లోపు వాళ్లకు లేదు. దరఖాస్తు తీసుకునే వీసా కేంద్రం సేవా రుసుము దీనికి అదనం. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి పెట్టవచ్చు. తీర్పుకు మామూలుగా 15 రోజులు, కొన్ని కేసుల్లో 45 రోజుల దాకా పోతుంది. మే నెల ప్రయాణానికి ఏప్రిల్లో అపాయింట్‌మెంట్ వెతికితే చెన్నైలోనూ బెంగళూరులోనూ దొరకదు, అప్పుడు అందరూ అదే పని మీద ఉంటారు. ఫిబ్రవరిలో వేలిముద్రలు ఇచ్చేసి రావాలి. 12 ఏళ్ల లోపు పిల్లలకు వేలిముద్రలు అక్కర్లేదు. కాగితాల్లో ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఐటీ రిటర్నులు, ఉద్యోగులైతే సెలవు మంజూరు లేఖ, వ్యాపారులైతే జీఎస్టీ కాగితాలు ముఖ్యం. మామిడి తోటల మీద ఆదాయం ఉన్న చిత్తూరు రైతులకు రిటర్నులు బలంగా ఉండవు. వాళ్లు పట్టాదారు పాసుపుస్తకం ఇంగ్లీషు అనువాదం, మండీ రసీదులు, పంట డబ్బు ఖాతాలో పడిన పేజీలు గుర్తుపెట్టి జతచేస్తే అధికారికి అర్థమవుతుంది. అప్లై చేయడానికి వారం ముందు ఎవరి దగ్గరో తెచ్చి ఖాతాలో పెద్ద మొత్తం వేయడం మంచికంటే చెడే చేస్తుంది.

ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలది ఉండాలన్నది వీసా నిబంధన. క్రూజ్‌కు అది చాలదు. షిప్పు డాక్టరు ఫీజు నేరుగా మీ ఖాతాకు పడుతుంది, షిప్పు నుంచి ఆసుపత్రికి తరలించాల్సి వస్తే ఖర్చు భారీగా ఉంటుంది. పాలసీలో "క్రూజ్" అన్న మాట, షిప్పు తప్పిపోతే వచ్చే పరిహారం రెండూ ఉన్నాయేమో చదవండి.

ప్యాకేజీ రేటులో రానివాటి లెక్క ఒకసారి చూద్దాం. సర్వీస్ చార్జీ అని మనిషికి రోజుకు ఇంతని షిప్పు మీద కడతారు. ఉదాహరణకు 12 యూరోలు అనుకుంటే నలుగురికి 7 రాత్రులకు 336 యూరోలు. ఇది కోట్లో చేరిందో లేదో అడగాలి. గ్రీసు 2025 జూలై 21 నుంచి క్రూజ్ ప్రయాణికుల రుసుము వసూలు చేస్తోంది: సాంటొరిని, మైకొనోస్‌లలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మనిషికి 20 యూరోలు, ఏప్రిల్, మే, అక్టోబర్లలో 12. మిగతా గ్రీకు రేవుల్లో 5, 3. ఆ రెండు దీవులూ ఉన్న దారిలో జూన్‌లో నలుగురికి ఇదే 160 యూరోలు అవుతుంది. డ్రింక్స్ ప్యాకేజీ మందు ముట్టని ఇంటికి దండగ. ఒక క్యాబిన్లో ఒకరు తీసుకుంటే పెద్దవాళ్లందరూ తీసుకోవాలన్న షరతు కూడా తరచుగా ఉంటుంది. బఫేలో మిషన్ నీళ్లు ఉచితం, డిన్నర్ టేబుల్ మీద సీసా నీళ్లకు యూరప్ కంపెనీల్లో బిల్లు వేస్తారు. షిప్పు మీద ఖాతా యూరోల్లోనా డాలర్లలోనా అన్నది కంపెనీని బట్టి మారుతుంది, ఫారెక్స్ కార్డు నింపే ముందే తెలుసుకోండి. డెబిట్ కార్డు ఇస్తే కొంత మొత్తం పట్టి ఉంచి, దిగాక చాలా రోజులకు గానీ వదలరు. క్రెడిట్ కార్డే మేలు. ఇక్కడ ఏజెంటు ముందుగా వసూలు చేసే పన్ను, టీసీఎస్, మీ పాన్ ఖాతాలో పడిందో లేదో ఆదాయపు పన్ను ఫారం 26ఏఎస్‌లో చూసుకుంటే రిటర్నులో సర్దుకోవచ్చు.

ఫోన్ గురించి ఒకటే మాట, కానీ ఖరీదైన మాట. ఇక్కడ వేయించుకున్న యూరప్ రోమింగ్ ప్యాకు నేల మీదే పనిచేస్తుంది. షిప్పు రేవు దాటగానే ఫోను షిప్పు ఉపగ్రహ నెట్‌వర్క్‌ను పట్టుకుంటుంది, దాని రేటే వేరు. షిప్పు ఎక్కగానే అందరి ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, కావాలంటే వైఫై కొనుక్కోండి.

క్యాబిన్ ఎంపికలో నలుగురు ఒకే గదిలో అన్నది చౌక. మూడో, నాలుగో మంచం పైనుంచి దించేవి, వాటికి నిచ్చెన ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఆ గది వద్దు. పక్కపక్కన రెండు లోపలి గదులు తీసుకోండి. కుదుపు తట్టుకోలేనివాళ్లకు షిప్పు మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో తక్కువ ఊగుతుంది. "గ్యారంటీ క్యాబిన్" అంటే గది నంబరు కంపెనీ ఇష్టం అని అర్థం.

తిండి దగ్గర మనవాళ్లు ఎక్కువ భయపడతారు, ఎక్కువ తప్పులూ అక్కడే చేస్తారు. షిప్పు మీద శాకాహారం దొరుకుతుంది. భారతీయ శాకాహారం, ఉల్లి వెల్లుల్లి లేనిది కావాలంటే బుకింగ్ సమయంలోనే రాయించి, ఎక్కిన సాయంత్రమే డైనింగ్ హాలు పెద్దను కలిసి మళ్లీ చెప్పాలి. వెనిస్ ఊళ్లో జాగ్రత్త: రిసొట్టో అనే అన్నం వంటకంలో మాంసం ఉడికించిన నీళ్లు పోస్తారు, బిగొలి అనే లావు నూడుల్స్ సాస్‌లో చేప ఉంటుంది, పార్మెసాన్ చీజ్ దూడ కడుపులోని రెన్నెట్‌తో చేసేది. నిష్ఠగా ఉండేవాళ్లకు చీజ్ లేని పిజ్జా మరినారా నిశ్చింత: టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే.

ఇంటి నుంచి ఏం తీసుకెళ్లొచ్చు? మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్లోకి సామానులో రానివ్వరు. నెయ్యి సీసా, పాలపొడి ఇంట్లోనే వదలండి. తాజా పండ్లకు, ఆకులకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. మే నెల కదా అని బేనీషా మామిడిపళ్లు, కరివేపాకు పెట్టుకుంటే ఎయిర్‌పోర్టులో పారేయిస్తారు. పప్పులపొడి, కరివేపాకు పొడి, వేయించిన అటుకులు, పులిహోర పొడి, గట్టిగా సీలు వేసిన ఊరగాయ సరిపోతాయి. కానీ వండుకోవడం కుదరదు. రైస్ కుక్కర్, కెటిల్, నీళ్లు కాచే కాయిల్, ఇస్త్రీ పెట్టె, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు, అగరొత్తులు, దీపం, కర్పూరం అన్నీ నిప్పు భయంతో నిషేధం. ఎక్కేటప్పుడు ఎక్స్‌రేలో కనబడితే తీసి దాచి, దిగే రోజు ఇస్తారు. పూజకు బ్యాటరీ దీపం పెట్టుకోండి.

పెద్ద పెట్టెలు రేవు దగ్గరే తీసుకుని సాయంత్రానికి గదికి చేరుస్తారు. పాస్‌పోర్టు, బీపీ, షుగర్ మందులు, ఇంగ్లీషు ప్రిస్క్రిప్షన్, ఒక జత బట్టలు చేతిసంచిలో ఉండాలి. ఇన్సులిన్ వాడేవాళ్లు గదిలోని చిన్న ఫ్రిజ్‌ను నమ్మవద్దు, అది అంత చల్లబడదు. మెడికల్ ఫ్రిజ్ అడగండి.

రేవుల్లో ఎక్స్‌కర్షన్లన్నీ షిప్పు దగ్గరే కొనక్కర్లేదు. ఇటలీలోని బారి పాతఊరు రేవు నుంచి నడక దూరమే. డుబ్రొవ్నిక్‌లో షిప్పు గ్రుజ్ రేవులో నిలుస్తుంది, కోట గుమ్మానికి సుమారు 3 కిలోమీటర్లు, సిటీ బస్సు ఉంది. గ్రీసులోని ఒలింపియాకు కటాకోలో రేవు నుంచి 40 కిలోమీటర్లకు దగ్గర, అక్కడ మాత్రం షిప్పు టూరే తీసుకోండి. ఆలస్యమైతే షిప్పు తన టూరు బస్సు కోసం ఆగుతుంది, మీ టాక్సీ కోసం ఆగదు. సాంటొరినిలో చిన్న పడవల మీద దించుతారు, పైకి కేబుల్ కారు వరుస చాలా పొడవుంటుంది. కిందికి దిగేటప్పుడు ఆ వరుసకు గంటన్నర అట్టిపెట్టుకోండి. కొటోర్‌కు షిప్పు కొండల మధ్య సన్నటి అఖాతంలోంచి పోతుంది, దారి మొత్తంలో అతి అందమైన గంట అదే. ఆ రోజు ముందుగా లేచి పై డెక్కుకు వెళ్లండి. గ్రీసు టైము ఇటలీ కంటే గంట ముందుంటుంది, ఫోను తనంతట తాను మారిపోతుంది. తిరిగి ఎక్కడానికి చూడాల్సింది ఫోను టైము కాదు, ఆ రోజు కాగితంలో వేసిన షిప్పు టైము.

నెల ఎంపికలో మాకు సందేహం లేదు: మే రెండో, మూడో వారం. మన బడులకు సెలవులు, అక్కడ ఎండ ఇంకా ముదరదు, గ్రీసు రుసుమూ తక్కువే. జూలై, ఆగస్టుల్లో వెనిస్ సందులు మనుషులతో, ఉక్కతో నిండిపోతాయి. దసరా సెలవులు కూడా మంచివే. అక్టోబర్ నుంచి సముద్రపు పోటు ఊళ్లోకి వచ్చే కాలం అయినా, 2020 అక్టోబర్ 3న మొదటిసారి లేపిన "మోసే" అనే పేరుగల సముద్రపు గేట్లు పెద్ద పోటును బయటే ఆపుతున్నాయి.

దిగే రోజుకు ముందు రాత్రి పెట్టెలు గది బయట పెట్టమంటారు. మర్నాడు వేసుకునే బట్టలు, చెప్పులు కూడా పెట్టెలో పెట్టేసి తెల్లారాక తంటాలు పడేవాళ్లు ప్రతి షిప్పులో ఉంటారు. వీసా అవసరమైన దేశాలవాళ్ల పాస్‌పోర్టులను షిప్పువాళ్లు మొదటి రోజే తీసి ఉంచుకోవడం మామూలే. ఇచ్చేముందు ఫొటో తీసుకోండి, చివరి సాయంత్రం ప్రకటించిన టైముకు వెళ్లి వెనక్కి తీసుకోండి. తిరుగు విమానం మర్గేరా అయితే మధ్యాహ్నం 1 తరువాత, త్రియెస్తే అయితే 3 తరువాత పెట్టుకోవాలి. రవెన్నాలో దిగి వెనిస్ నుంచి ఎగరాలంటే 4 కంటే ముందు విమానం ఏజెంటు ఎంత నచ్చజెప్పినా ఒప్పుకోవద్దు.